నలభై ఏడో నంబరు కంకర దారి

...అసలు తనకు కావలసింది ఆ దారి కాదేమో, ఆ దారిలో ఎవరూ ఉండకపోవడమేమో. అదే నిజమైతే దారి మీద ఇష్టమని చెప్పుకోవడం ఒక రకం మోసమే కదా, ఖాళీ కుర్చీని ఇష్టపడేవాడు కుర్చీని ఇష్టపడినట్టా, ఖాళీని ఇష్టపడినట్టా, అని ఆలోచిస్తూ గీతలాయన వరండాలో గొంతుకూర్చుని సైకిలు వెనక చక్రానికి గాలి కొడుతున్నాడు. ఇరవై సార్లు కొట్టాలి. పదిహేడు దగ్గర లెక్క తప్పింది. ఆదివారం పూట లెక్క తప్పితే అతనికి హాయిగా ఉంటుంది. అందుకని మళ్ళీ మొదలుపెట్టలేదు.

మిగతా ఆరు రోజులూ లెక్కే. రహదారుల శాఖలో వాహనాలు లెక్కించే ఉద్యోగం. కూడలి పక్కన మడత స్టూలు, పైన గొడుగు, ఒళ్ళో అట్ట, అట్టకు ఫారం. కారు పోతే కార్ల గడిలో ఒక గీత, లారీ పోతే లారీల గడిలో ఒక గీత. నాలుగు నిలువు గీతలు పడ్డాక ఐదోది అడ్డంగా. ఇరవై రెండేళ్ళుగా గీస్తున్నాడు కాబట్టి ఆఫీసులో అతని అసలు పేరు జీతాల పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు; అందరికీ గీతలాయనే. రాత్రి కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక కూడా బళ్ళు పోతూనే ఉంటాయి. వాటికి గీతలు గీయక్కర్లేదని మనసుకు నచ్చజెప్పడానికే అరగంట పడుతుంది.

నాలుగు నెలల కిందట, ఒక ఆదివారం, కాలవ గట్టు పట్టుకుని ఊరికే తొక్కుకుంటూ పోతే ఆ కంకర దారి కనబడింది. ఒకప్పుడు అడవిలోంచి కలప తోలిన దారి. అవతల పెద్ద రోడ్డు పడ్డాక దీన్ని అందరూ మరిచిపోయారు. పదిహేడు కిలోమీటర్లు. మొదట చెట్లు, తర్వాత పాడుబడ్డ కలప గిడ్డంగి, ఆ తర్వాత ఒక్కసారిగా తెరుచుకునే పొలాలు. చక్రాల కింద కంకర నలిగే చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఆ చప్పుడు కూడా ఎవరో మనకు తెలిసినవాళ్ళు పక్కగదిలో పేలాలు నములుతున్నంత నెమ్మదిగా ఉంటుంది. ఆ రోజు గీతలాయన మూడు గంటల సేపు ఒక్క కారును కూడా చూడలేదు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

"బయల్దేరారా?" భార్య కిటికీలోంచి అడిగింది.

"ఊఁ."

"ఎక్కడికని అడగను లెండి. అడిగితే 'ఊరికే అలా' అంటారు. ఆ 'ఊరికే అలా' ఎన్నింటికి అయిపోతుందో చెప్పండి, చాలు."

"పదకొండింటికి."

"వచ్చేటప్పుడు బల్బు తెండి. స్నానాల గదిలోది పోయి మూడు ఆదివారాలైంది. చీకట్లో సబ్బనుకుని కాళ్ళు తోముకునే రాయి ఒంటికి రుద్దుకుంటున్నా."

అతను నవ్వబోతుండగా ఫోను మోగింది. పెద్దసారు. ఆఫీసులో పై అధికారి అయిన ఆయనకు ఆదివారం ఫోను చేసే అలవాటు లేదు.

"ఏమయ్యా, నీ ఫారం చూశాను. నలభై ఏడో నంబరు దారి. అద్భుతం!"

ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని పంపు జారి కాలి మీద పడింది.

తప్పు తనదే. పోయిన నెల, అడవి మధ్యలో, దారి రెండుగా చీలే చోట ఒక బండ మీద కూర్చున్నాడు. ప్రశాంతంగా ఉంది. మరీ ప్రశాంతంగా ఉంటే చేతులకు ఏం చేయాలో తెలియదు. అవి వాటంతట అవే సంచీలోంచి ఒక ఖాళీ ఫారం తీశాయి. తేదీ రాశాయి. దారి నంబరు రాశాయి. ఉదయం ఎనిమిది నుంచి పది వరకు: కార్లు సున్నా, లారీలు సున్నా, బస్సులు సున్నా. అలా సాయంత్రం దాకా కూర్చుని నింపాడు. ఇరవై రెండేళ్ళలో అంత అందమైన ఫారం అతను చూడలేదు. పేజీ నిండా సున్నాలు, తడారని నీటిచుక్కల్లా. దాన్ని ఇంట్లో దాచుకోవాలనుకున్నాడు. సోమవారం పొద్దున్న అలవాటు ప్రకారం సంచీలోని ఫారాలన్నీ టేబుల్ మీద బోర్లించాడు. అలవాటు మనిషిని నిద్రలో నడిపించినట్టే ఆఫీసులోనూ నడిపిస్తుంది.

"సున్నా అయ్యా, సున్నా!" పెద్దసారు అవతల మురిసిపోతున్నాడు. "రోజుకు ఇరవై వాహనాలైనా తిరగని దారిని దారుల పట్టీలోంచి కొట్టేయొచ్చని రూలుంది. తెలుసుగా?"

"తెలుసండి," అన్నాడు గీతలాయన. ఆ రూలు పెద్దసారుకు నేర్పింది తనే.

"అడ్డంగా కందకం తవ్వించేసి, మొక్కలు నాటేసి, అడవి శాఖ వాళ్ళకు అప్పగించేద్దాం. పదిహేడు కిలోమీటర్ల మరమ్మతు బాధ వదిలిపోతుంది. నీ సర్వీసు పుస్తకంలో మంచి మాట రాస్తాను. అయితే మొదటిసారి తీసిన వారం నాడే, అంటే ఆదివారమే, ఇంకోసారి లెక్క తీయాలి, నా సమక్షంలో. వచ్చే ఆదివారం పెట్టుకుందాం. నాకూ అడవి గాలి పీల్చినట్టుంటుంది."

ఫోను పెట్టేశాక గీతలాయన సైకిలు దగ్గరే కూలబడ్డాడు. చెట్టు కొట్టేవాడు తను కూర్చున్న కొమ్మనే నరికినట్టుంది వ్యవహారం. అతను ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగలేదు. ప్రమోషను అడగలేదు, కూడలి మార్చమని అడగలేదు. అడగకుండా దొరికిన ఒకే ఒక్కదాన్ని తన చేతిరాతతో తనే అప్పగించాడు.

"ఏమైంది?" భార్య బయటికొచ్చింది. "ఎవరైనా పోయారా?"

చెప్పక తప్పలేదు. మొత్తం విన్నాక ఆమె కొంగుతో చేయి తుడుచుకుంది.

"అయితే నాలుగు నెలలుగా మీరు పోయేది అక్కడికా? నేనేదో అనుకున్నాను."

"ఏమనుకున్నావు?"

"ఏదో ఒకటి అనుకున్నాను లెండి. దానికన్నా ఇదే ఎక్కువ అవమానంగా ఉంది. అక్కడ ఎవరూ లేరని పోతున్నారు. ఇక్కడ మాత్రం ఎవరున్నారు? నేనొక్కదాన్ని."

ఆ మాటకు ఫారంలో గడి లేదు.

ఆమే మళ్ళీ అంది. "ఇరవై బళ్ళు తిరిగితే దారి బతుకుతుందా?"

"బతుకుతుంది. కానీ కార్లు వస్తే దారి బతికి ఏం లాభం? సైకిళ్ళు రావాలి. రూలు ప్రకారం సైకిలంటే అర వాహనం. నలభై రావాలి."

"నలభై మందా! మీకు నలుగురు తెలుసా?"

అతను మనసులో లెక్కపెట్టాడు. ముగ్గురు తేలారు. వాళ్ళలో ఒకరు ఆమే.

"మా తమ్ముడికి చెప్తాను," అంది.

"వద్దు!" అన్నాడు గీతలాయన ఆదుర్దాగా. కానీ అప్పటికే ఆమె ఫోను పట్టుకుంది.

బావమరిదికి సైకిళ్ళ అంగడి ఉంది. మంచివాడు. అయితే గ్లాసు నీళ్ళడిగితే బావి తవ్వే రకం. గంటలో వచ్చి వాలాడు.

"బావా, నువ్వు దిగులుపడకు. నలభై కాదు, నాలుగొందలు తెస్తా."

"నలభై చాలు. నలభై ఐదు కూడా వద్దు."

"ఒకళ్ళిద్దరు ఎగ్గొడతారుగా, చేతిలో ఎక్కువుండాలి. నాకు వదిలెయ్. బావా, ఇంత మంచి దారి పెట్టుకుని నోరు కుట్టేసుకుని ఎలా ఉన్నావయ్యా నాలుగు నెలలు? కడుపుబ్బలేదూ?"

మర్నాటికి ఊరంతా కాగితాలు వెలిశాయి. 'అడవిలో, పొలాల్లో, కార్లు లేని కంకర దారిలో సైకిలు విహారం. దుమ్ము లేదు, హారను లేదు. పిల్లలకు పూర్తి రక్షణ. ఫలహారం ఉచితం.' కింద అంగడి చిరునామా. గీతలాయన కూడలిలో స్టూలు మీద కూర్చుని ఎదుటి స్తంభానికి అంటించిన ఆ కాగితాన్ని వారమంతా చదివాడు. ఉచితం అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగి, రాబోయే జనాన్ని లెక్కపెట్టేవాడు. గీయాల్సిన గీత ఒకటి రెండుసార్లు ఆలస్యమైంది కూడా.

ఆ వారం ఇంట్లో మాటలు తక్కువ. భార్య రోజూ సాయంత్రం తమ్ముడింటికి పోయి పొద్దుగూకే వేళకు వచ్చేది. గురువారం ఆమె మోచేయి గీరుకుపోయి ఉంది. "తలుపు తగిలింది," అంది. శుక్రవారం మోకాలు. ఆ తలుపు ఎలాంటిదో అడగాలనిపించింది. అడిగితే తన నాలుగు నెలల 'ఊరికే అలా' గుర్తుచేస్తుందని ఊరుకున్నాడు.

ఆదివారం ఎనిమిదింటికల్లా దారి చీలే చోట అడ్డంగా సున్నంతో గీత గీశాడు. గీత దాటితేనే లెక్క. పోయినా లెక్కే, తిరిగొచ్చినా లెక్కే. పక్కన పెద్దసారు వాలుకుర్చీ వేసుకుని, తన ఒళ్ళోనూ ఒక ఫారం పెట్టుకున్నాడు. ఇద్దరి లెక్కా కలిస్తేనే చెల్లుతుంది.

తొమ్మిదయింది. ఒక్క ఆకు రాలింది. పెద్దసారు ఆవలించాడు.

"మహా ప్రశాంతంగా ఉందయ్యా. పాపం, కందకం తవ్వాలంటే మనసొప్పడం లేదు."

"తవ్వొద్దండి," అన్నాడు గీతలాయన. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో అతను అడిగిన మొదటి కోరిక అది.

"రూలు కదయ్యా. నా ఇష్టమా, నీ ఇష్టమా?"

అప్పుడు మలుపులో దుమ్ము లేచింది. గీతలాయనకు ప్రాణం లేచొచ్చింది. దుమ్ములోంచి ఒక పెద్ద కారు వచ్చింది. దాని నెత్తిన మూడు సైకిళ్ళు కట్టేసి ఉన్నాయి. లోపలాయన అద్దం దించి, "కార్లు లేని దారి ఇదేనాండీ?" అని అడిగాడు.

"ఇప్పటిదాకా ఇదే," అన్నాడు గీతలాయన.

పెద్దసారు ఉత్సాహంగా ఒక గీత గీశాడు. "నెత్తిన ఉన్న సైకిళ్ళను లెక్కేయాలా?"

"చక్రం నేలకు తగలాలండి."

ఆ వెనకే ఇంకోటి. ఆ వెనక ఇంకో నాలుగు. ఊరి నుంచి ఇంత దూరం సైకిలు తొక్కుకొచ్చే ఓపిక ఎవరికుంటుంది? తొక్కాల్సింది ఇక్కడ కదా, తొక్కడానికి రావడం కోసం కూడా తొక్కుతారా? ఒక తల్లి ఇద్దరు పిల్లలను దింపి, సైకిళ్ళెక్కించి, 'జాగ్రత్త' అని చెప్పి, మళ్ళీ కారెక్కి వాళ్ళ వెనకే నిమిషానికొక గజం చొప్పున నడపడం మొదలుపెట్టింది. ఎందుకమ్మా అంటే, "వెనక నుంచి ఏ కారైనా వచ్చి గుద్దితే?" అంది. అది చూసి మిగతా తల్లిదండ్రులకు సిగ్గేసింది. తమ పిల్లలను అలా గాలికొదిలేశామని ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని ఎవరి పిల్లల వెనక వాళ్ళు బయల్దేరారు. ముందు సైకిళ్ళు, వెనక కార్లు. కార్లు వెనకున్నాయని సైకిళ్ళు పక్కకు తప్పుకున్నాయి. సైకిళ్ళు తప్పుకున్నాయని కార్లు ముందుకు పోయాయి.

ఫలహారాల వ్యాను వచ్చింది. అలసినవాళ్ళను ఎక్కించుకోవడానికని బావమరిది మాట్లాడిన ట్రాక్టరు వచ్చింది. ఎందుకైనా మంచిదని ఒక అంబులెన్సు వచ్చింది. ట్రాక్టరు కంకరలో దిగబడితే లాగడానికి ఇంకో ట్రాక్టరు వచ్చింది.

"బావా, ఎలా ఉంది?" బావమరిది చెమటలు కక్కుతూ, వెలిగిపోతూ వచ్చాడు. "ఇరవై దాటిందా?"

"పదిన్నరకే దాటింది. ఇక ఆపు."

"ఆపేదేంటి! ఇంకా సగం మంది దారిలోనే ఉన్నారు. పెద్ద రోడ్డు మీద కార్లు బారులు తీరాయి, తెలుసా?"

గీతలాయనకు అప్పుడు ఇంకో రూలు గుర్తొచ్చింది. అది ఇరవై రెండేళ్ళలో ఏ కంకర దారికీ పనికిరాలేదు కాబట్టి మెదడులో అడుగున పడిపోయింది. రోజుకు నూట యాభై వాహనాలు తిరిగే కంకర దారిని వెడల్పు చేసి తారు వేయాలి. ఒళ్ళు చల్లబడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నుయ్యి తప్పించుకోవడానికి తనే మనుషులను పిలిపించి గొయ్యి తవ్వించుకున్నాడు.

పక్కన పెద్దసారుకు కూడా అదే రూలు గుర్తొచ్చింది. అయితే ఆయనకు ఒళ్ళు వేడెక్కింది.

"నేను రిటైరయ్యేలోపు ఒక్క రోడ్డుకైనా తారు వేయించాలని ఉందయ్యా," అన్నాడు తగ్గు గొంతుతో. "ముప్పై ఏళ్ళ సర్వీసులో గుంటలు పూడ్పించడమే తప్ప ఒక్క రోడ్డు వేయించలేదు. మనవరాలు అడుగుతుంది, తాతా నువ్వు వేసిందేదీ అని. ఇప్పుడెంతయింది?"

"నూటపన్నెండున్నర."

"నాదీ అంతే!"

మధ్యాహ్నం నుంచి గీతలాయన మనసులోనే బళ్ళను వెనక్కి నెడుతూ గీతలు గీశాడు. ఒక కారాయన ఫలహారం బాలేదని వెనక్కి వచ్చాడు. ఒక గీత. గొడుగు మరిచిపోయానని మళ్ళీ పోయాడు. ఇంకో గీత. గొడుగు దొరికిందని మళ్ళీ వచ్చాడు. గీతలాయన పెన్సిలు ముక్కు విరిగింది. ఒక గీత మానేస్తే? ఒక్కటి. ఎవరికి తెలుస్తుంది? పక్కన పెద్దసారు ఫారం ఉంది. అది లేకపోయినా మానేయగలడా అని తనను తాను తరచి చూసుకున్నాడు. మానలేడు. అది నిజాయితీ కూడా కాదు, చెయ్యి అలా తయారైంది, అంతే. ఇన్నాళ్ళూ ఆ రెండూ ఒకటేననుకుని కొంచెం గర్వపడ్డాడు.

నాలుగింటికి లెక్క ముగుస్తుంది. మూడూ యాభై ఆరుకు నూట నలభై తొమ్మిది. ఒక్క సైకిలు దాటింది. నూట నలభై తొమ్మిదిన్నర. ఆ తర్వాత దారి ఖాళీ. దుమ్ము మెల్లగా దిగుతోంది. పెద్దసారు వాలుకుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఎవరికోసమో రైలు దగ్గర ఎదురుచూసేవాడిలా.

మూడూ యాభై ఎనిమిదికి అడవి వైపు నుంచి ఒక సైకిలు వచ్చింది. మెలికలు తిరుగుతూ, గంట ఆపకుండా మోగిస్తూ. దాని మీద భార్య.

గీతలాయనకు మోచేయీ, మోకాలూ, తలుపూ ఒకేసారి అర్థమయ్యాయి.

"ఏమండోయ్!" దూరం నుంచే కేకేసింది. "పొద్దున సైకిలుతో సహా తమ్ముడి ట్రాక్టరులో దాక్కుని మీ గీత దాటా! మొత్తం తిరిగొచ్చా! గిడ్డంగి దాకా! పొలాల దాకా!"

"దిగు!" అని అరిచాడు. "గీత దాటకు! దిగి నడిపించుకో! నడిపిస్తే లెక్కలోకి రాదు!"

"ఏంటీ? ఇన్నాళ్ళకు ఎక్కాను, దిగమంటారేంటి?"

"దిగవే, నీకు దండం పెడతా!"

"దిగడం ఇంకా నేర్పలేదండీ మా తమ్ముడు!" అంది ఆమె. ఇంకో పది గజాలు. "ఎక్కడం, తొక్కడం వరకే అయింది!"

లెక్కింపు జరుగుతుండగా స్టూలు మీద నుంచి లేవకూడదు. ఇరవై రెండేళ్ళలో వాన పడినా లేవలేదు. గీతలాయన అట్ట విసిరేసి లేచాడు. పరుగెత్తి, రెండు చేతులతో హాండిలు పట్టుకున్నాడు. సైకిలు ఆగింది. సైకిలు మీది మనిషి ఆగలేదు. ఇద్దరూ, సైకిలూ కలిసి కంకరలో పడ్డారు.

పెద్దసారు వంగి, కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు పరిశీలించాడు. ముందు చక్రం గీతకు అవతల ఉంది. వెనక చక్రం ఇవతల ఉంది. మధ్యలో గీతలాయన ఉన్నాడు.

"సైకిలంటే అర వాహనం," అన్నాడు నెమ్మదిగా. "సగం సైకిలే దాటింది. అంటే పావు." గడియారం చూసుకున్నాడు. నాలుగు. "నూట నలభై తొమ్మిదీ ముప్పావు."

"అంతేనండి," అన్నాడు గీతలాయన కింద నుంచే.

"పావు తక్కువయ్యా," అన్నాడు పెద్దసారు. కానీ ఫారంలో ముప్పావనే వేశాడు. రూలు నేర్పినవాడి ముందు రూలు తప్పడానికి ఆయనకు సిగ్గేసింది. తారు లేదు, కందకమూ లేదు.

భార్య లేచి చీర దులుపుకుంది. అతను ఇంకా కంకరలోనే ఉన్నాడు.

"ఎలా ఉంది దారి?" అని అడిగాడు. అతను ఆ దారి గురించి ఒకరిని అడగడం అదే మొదలు.

ఆమె సైకిలు లేపి నిలబెట్టింది. "బాగుంది. గిడ్డంగి దాటాక ఒకచోట ఎవరూ లేరు. ఒక అయిదు నిమిషాలుంటుందేమో. అక్కడ అర్థమైంది, మీకేం పట్టిందో." తర్వాత, కొంచెం చిరాగ్గా, "అంతలో ఎవరో కారాపి దారడిగాడు," అంది.

గీతలాయనకు నవ్వొచ్చింది. చాలా కాలానికి వచ్చింది కాబట్టి దగ్గులా వచ్చింది.

జనం ఒక్కొక్కరే పోయారు. దారంతా కాగితపు పళ్ళేలు. బావమరిది ఒక పెద్ద అట్ట, నల్లరంగు, కుంచె పట్టుకుని పరుగున వచ్చాడు.

"బావా, బ్రహ్మాండం! వచ్చే ఆదివారానికి అప్పుడే అరవై మంది అడిగారు. నువ్వు శాఖ మనిషివి. ఈ దారి గురించి నీ చేత్తో ఒక ముక్క రాసివ్వు. పెద్దసారు సంతకం కూడా పడితే పెద్ద రోడ్డు మలుపులో పాతేస్తా. శాఖ మాటంటే జనం నమ్ముతారు."

గీతలాయన భార్య వైపు చూశాడు. కంకరలోంచి లేవకుండానే అట్టను ఒళ్ళోకి లాక్కున్నాడు. కుంచె ముంచాడు. ఎప్పుడూ అంకెలూ గీతలూ తప్ప రాయని చేతితో, పెద్ద పెద్ద అక్షరాలతో, నిదానంగా ఒక వాక్యం రాసి, కింద హోదా రాసి, పెద్దసారుకు అందించాడు. ఆయన చదివి, లెక్క సరిచూసి, సంతకం పెట్టాడు. బావమరిది చదవలేదు. సంతకం ఆరిందో లేదో చూసుకుని చంకన పెట్టుకుపోయాడు.

'లెక్క తీసిన రోజున ఈ దారిలో తిరిగిన కార్లు ఎనభై ఒకటి. సైకిలుపై వెళ్ళువారు గమనించగలరు.'

శాఖ సంతకంతో ఇప్పటివరకు వెలువడిన వాక్యాల్లో ఇంతకన్నా నిజమైనది గానీ, ఇంతకన్నా దురుద్దేశంతో రాసినది గానీ మరొకటి లేదు.